పంటి డాక్టరు దగ్గరికని చెప్పి

మా అమ్మాయి మాట్లాడడం తగ్గించిందన్న సంగతి ఇంట్లో అందరికంటే ముందు మా అత్తగారికి తెలిసింది. ఎలా తెలిసిందంటే, ఒకరోజు సాయంత్రం ఆవిడకు టీవీ సీరియల్ మొదటి నుంచి చివరిదాకా వినపడింది.

"ఏమే, ఇవాళ డైలాగులన్నీ వినపడ్డాయే!" అని వంటింట్లో ఉన్న మా ఆవిడతో సంబరంగా చెప్పారు. "ఆ పెద్దకోడలు విషం కలిపింది పాలల్లో కాదంట, పాయసంలోనంట. ఇన్నాళ్ళూ పాలల్లో అనుకుంటన్నా."

అప్పటిదాకా ఆవిడకు సగం సీరియలే దక్కేది. మిగతా సగం మా అమ్మాయి ప్రశ్నల్లో కొట్టుకుపోయేది. దానికప్పుడు పదేళ్ళు, ఐదో తరగతి. దోమకు మోకాళ్ళుంటాయా, కృష్ణలో చేపకు దాహం వేస్తుందా, అమ్మమ్మ పుట్టకముందు అమ్మమ్మను ఏమని పిలిచేవాళ్ళు, ఇలాంటివి అడుగుతూ ఇల్లంతా తిరిగేది. జవాబు కోసం ఆగేది కూడా కాదు. అలాంటి పిల్ల నోరు మూసుకుంటే మొదట్లో మాకు హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి బాగుండదు కానీ, పెద్దదవుతోంది, బుద్ధి వస్తోందని ముచ్చటపడ్డాం.

మేం నలుగురం. భవానీపురంలో ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటాం. నాకు ఆటోనగర్‌లో లారీల స్పేర్‌పార్టుల షాపు. మా ఆవిడ ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. మా మామగారు పోయినప్పటి నుంచి అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. ఇంటిని నడిపేది ఆవిడ. మేం ముగ్గురం ఆవిడ కింద పనిచేస్తాం.

మాట తగ్గిన కొన్నాళ్ళకు పిల్లకు కోపం మొదలైంది. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేశారని కంచం తోసేసింది. అంతకుముందు అవి వేస్తేనే తింటానని పేచీ పెట్టేది. పక్క వీధిలో కూచిపూడి నేర్చుకునేది. ఒకరోజు గజ్జెలు బరువుగా ఉన్నాయని మంచం కిందకు తోసేసి, ఇక వెళ్ళనంది. ఆ తర్వాత పొద్దున్నే స్కూలు బస్సు వచ్చే వేళకు కడుపునొప్పి రావడం మొదలైంది.

"నాటకాలు" అన్నాను నేను. "బస్సు వెళ్ళిపోగానే తగ్గిపోద్ది చూడు."

బస్సు వెళ్ళిపోయింది. నొప్పి తగ్గింది కూడా. కానీ బడి ఎగ్గొట్టిన పిల్ల టీవీ పెట్టాలి, ఫోను అడగాలి, ఫ్రిజ్ తలుపు తీసి ఏముందో చూడాలి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి నేను చేసిన ఘనకార్యాల్లో కొన్నయినా చేయాలి. ఇది ఏమీ చేయలేదు. ఫ్యాను కేసి చూస్తూ పడుకుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయాక కూడా దాన్నే చూస్తూ పడుకుంది.

ఇక మా అత్తగారి వైద్యం మొదలైంది. మొదట వామూ బెల్లమూ కలిపి నూరి ఉండ చేసి మింగించారు. తర్వాత నులిపురుగులన్నారు. మాత్ర తెచ్చాం. ఒకరికి ఉంటే అందరికీ ఉంటాయని మాక్కూడా తలొకటి వేశారు. చివరికి దిష్టి అని తేల్చారు. ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి బాల్కనీలో నిప్పుల మీద పోశారు. దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాదని ఆవిడ సిద్ధాంతం. ఆ రోజు మూడో అంతస్తు మొత్తం దగ్గింది. పై అంతస్తులో ఒకాయన తుమ్ములు ఆపుకోలేక లిఫ్టెక్కి సందు చివరిదాకా వెళ్ళిపోయాడు. మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు ముక్కుకు తువ్వాలు కట్టుకుని వచ్చి తలుపు కొట్టారు. ఆయన ఏదో ఆఫీసులో రిటైరైన మనిషి, ఎవరు కనపడినా నీళ్ళ మోటారు గురించే మాట్లాడతారు.

"ఏం జరుగుతుందండీ ఇక్కడ? ఫైరింజన్ని పిలవమంటారా?"

"పాపకి దిష్టి తీశారండీ" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"పోయిందా?"

"అసలు లేదని తేలిందండీ."

దిష్టి కూడా కాదని తేలాక పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన పరీక్షలన్నీ చేయించి కడుపులో ఏమీ లేదన్నారు.

"ఏమీ లేకపోవడమేంటి బాబూ, పొద్దున ఇడ్లీ పెట్టాగా" అన్నారు మా అత్తగారు.

ఆయన ఆవిడను, పాపను బయట కూర్చోమని మా ఇద్దరితో మాట్లాడారు. ఒకసారి మానసిక వైద్యులకు చూపించమని, పాపకు డిప్రెషనేమోనని అనుమానంగా ఉందని చెప్పారు.

"పదేళ్ళ పిల్లకి డిప్రెషన్ ఏంటండీ?" అన్నాను. "దానికేమన్నా షాపుందా, జీఎస్టీ ఉందా?"

"దిగులుకి అవన్నీ అక్కర్లేదండీ" అన్నారాయన. "పెద్దవాళ్ళయితే నాకు దిగులుగా ఉందని నోటితో చెప్పగలరు. చెప్పరనుకోండి, అది వేరే సంగతి. పిల్లలకి ఆ మాటే తెలీదు. ఒక్కోసారి కోపంగా బయటికొస్తది, ఒక్కోసారి కడుపునొప్పిగా. ఇష్టమైనవన్నీ మానేస్తారు. అలా వారాల తరబడి ఉంటే చూపించాలి. తగ్గే జబ్బేనండి."

తగ్గే జబ్బే అన్న మాట మా ఆవిడ చెవిన పడలేదు. దారంతా ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంటికి వచ్చే సరికి ఇద్దరం ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చాం. ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా మా అత్తగారికి. చెప్తే ఆవిడ పిచ్చి డాక్టరు అంటారు, ఆ మాట పిల్ల వింటుంది, బంధువులందరికీ ఫోన్లు వెళ్తాయి. అందుకని శనివారం పొద్దున మా ఆవిడ తల్లితో అమాయకంగా అంది:

"అమ్మా, పాపని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొస్తాం."

"ఉండవే, చీర మార్చుకుని వస్తా" అన్నారు అత్తగారు. "నా దవడపన్ను కూడా చూపిద్దాం. ఎన్నాళ్ళ నుంచో లాగుతుంది."

మేం ఎన్ని చెప్పినా ఆవిడ ఆగలేదు. జనం ఎక్కువుంటారన్నాం. టీవీ లేని ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంటానన్నారు. సూది వేస్తారన్నాం. వేయించుకోవడానికే వస్తున్నానన్నారు. మంచి జరీ అంచు చీర కట్టుకుని, కారులో ముందు సీట్లో కూర్చున్నారు.

సూర్యారావుపేటలో డాక్టరు పేరున్న బోర్డు లేని గుమ్మం ఉండదు. మేం వెళ్ళిన భవనంలో, మా ఖర్మకు, కింది అంతస్తులో నిజంగానే పంటి డాక్టరు ఉన్నాడు. తలుపు మీద నవ్వుతున్న పన్ను బొమ్మ. మేం ఆవిడను లిఫ్టు వైపు తోస్తున్నాం.

"అదిగో పన్ను ఇక్కడుంటే పైకెందుకు అల్లుడుగారూ?"

"అది పెద్దవాళ్ళకండీ. పిల్లల పళ్ళకి పైన."

"మరి నాది?"

"మీదీ పైనే చూస్తారు అత్తయ్యగారూ. పదండి."

పైన హాల్లో కుర్చీలున్నాయి. ఒక మూల ఒకాయన టోపీ కిందకు లాగి, మాస్కు పైకి లాగి, కళ్ళు మాత్రమే కనపడేలా కూర్చున్నాడు. మేం ఆయన్ను పట్టించుకోలేదు. ఇంతలో ఆయన ఫోను మోగింది. ఆయన గోడవైపు తిరిగి గొంతు తగ్గించి, "ట్యాంకు నిండిందా? మోటారు ఆపావా?" అన్నారు.

ఆ మాట అనే మనిషి బెజవాడ మొత్తానికి ఒక్కరే.

"మీరా సార్!" అన్నాను నోరు జారి.

ప్రెసిడెంటుగారు ఉలిక్కిపడ్డారు. "ఆఁ... కంటికండీ. కంటికి వచ్చా. మీరో?"

"పంటికండీ."

"ఇక్కడ పంటి డాక్టరు కూడా ఉన్నారా?"

"కంటి డాక్టరు ఉన్నప్పుడు పంటి డాక్టరు ఎందుకుండరండీ?"

ఆయన తల ఊపారు. నేనూ ఊపాను. ఇద్దరం ఎదురుగా గోడ మీద ఉన్న "మీ మనసు మాట వినండి" అన్న పోస్టరు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాం. మా అత్తగారు మాత్రం ఆయన్ను వదల్లేదు.

"ఏ కన్ను బాబూ?"

ఆయన కుడి కన్ను చూపించారు. కాసేపటికి ఆవిడ, నొప్పా, మసకా అని అడిగితే ఎడమ కన్ను చూపిస్తూ మసక అన్నారు. ఆవిడ జాలిపడి, రెండూ పోయాయన్నమాట అన్నారు.

మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరు నా కంటే కొంచెం పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మేం నోరు తెరిచే లోపే మా అత్తగారు ముందుకు వెళ్ళి కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, నోరు బారుగా తెరిచారు. డాక్టరుగారు ఒక్క క్షణం మా వైపు చూశారు. తర్వాత మర్యాదగా వంగి ఆవిడ నోట్లోకి చూశారు.

"పుచ్చిందండీ" అన్నారు. "చూపించుకోవాలి."

"చూపిస్తన్నాగా అమ్మా."

"నేను మనసు డాక్టర్నండీ. పళ్ళు చూడను."

అత్తగారి నోరు మెల్లగా మూసుకుంది. ఆవిడ మా ఆవిడ వైపు చూశారు, నా వైపు చూశారు, పాప వైపు చూశారు. ఇప్పుడు తుఫాను వస్తుందని నేను కారు తాళాలు తడుముకున్నాను.

"ఆ మాట ఇంట్లోనే చెప్పొచ్చుగా" అన్నారావిడ. "పంటి డాక్టరని పొద్దున్నుంచి వక్కపలుకు కూడా నోట్లో వేసుకోలేదు."

అంతే. పిచ్చి అన్న మాటే రాలేదు. సంచిలోంచి వక్కల డబ్బా తీసి, మేం ఎవరికీ తెలియకూడదని పడిన పాట్లన్నిటినీ ఒక్క వక్కపలుకుతో నమిలేశారు.

డాక్టరుగారు ముందు పాపతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. తర్వాత అందరినీ లోపలికి పిలిచి, నిద్ర, తిండి, ఆటలు, బడి గురించి అడిగారు. మా ఆవిడ, నేను తడబడ్డాం. మాకు తెలిసినవి మార్కులూ, కడుపునొప్పులూ. మా అత్తగారు మాత్రం పాపను పక్కన పడుకోబెట్టుకునే మనిషి.

"తెల్లారగట్ల కోడి కంటే ముందే మెలకువొచ్చేస్తదమ్మా దానికి" అన్నారు. "లేచి గోడవైపు తిరిగి పడుకుంటది. నేను చూడట్లేదనుకుంటది. టిఫిన్ డబ్బా పొద్దున ఎంత బరువుందో సాయంత్రం అంతే బరువుంటది. అదేంటే అంటే, తిన్నానంటది."

పాప తల వంచుకుంది. కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాను. కానీ నావైపు వేలు చూపిస్తూ అంది:

"నాన్నకి కూడా అంతే. నాకంటే ఎక్కువ. నాన్న షాపులో ఉన్నవి కూడా లేవంటాడు."

"అంటే?" అన్నారు డాక్టరుగారు.

అది సెలవుల్లో నాతో షాపుకు వచ్చినప్పుడు చూసింది. చెప్పడం మొదలుపెట్టింది. దాచడానికి ఏమీ లేదు, జరిగింది అదే. ఒక మెకానిక్ వచ్చి బేరింగు అడిగాడు. లేదన్నాను. "అదిగో సార్, మీ వెనకాలే ఉంది" అన్నాడు. అది వేరే సైజన్నాను. "డబ్బా మీద రాసుందిగా సార్, అదే సైజు." అది అమ్మేది కాదన్నాను. అతను నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. లేచి, చెయ్యి చాపి, ఆ డబ్బా అందుకోవడం నాకా రోజు కొండ ఎక్కడంలా అనిపించింది. చాలా రోజుల నుంచి అలాగే అనిపిస్తోంది. వ్యాపారం మీద విసుగు అనుకున్నాను. వయసు అనుకున్నాను. ఎండలు అనుకున్నాను. చలికాలం వచ్చాక చలి అనుకున్నాను.

"మీకు ఈ మధ్య దేనివల్లయినా సంతోషం కలిగిందా? చివరిసారి ఎప్పుడు?" అని అడిగారు డాక్టరుగారు.

"మేం పాప కోసం వచ్చామండీ. నేను బాగానే ఉన్నా" అన్నాను.

"బాగానే ఉన్నారు. ఎప్పుడు?"

ఆలోచించాను. ఎంతసేపు ఆలోచించానంటే మా అత్తగారికి ఓపిక నశించింది.

"నేను చెప్తానమ్మా" అన్నారు. "మొన్న గోంగూర పచ్చట్లో ఉప్పు వేయడం మర్చిపోయా. అల్లుడుగారు మాట్లాడకుండా మొత్తం తినేశారు. అంతకుముందు చిటికెడు తక్కువైతే చాలు, ఊరంతా వినపడేట్టు అనేవారు. ఆ రోజే అనుకున్నా, ఈ మనిషికి ఏదో అయ్యిందని."

అందరూ నవ్వారు. డాక్టరుగారు నవ్వుతూనే నన్ను ఇంకో ప్రశ్న అడిగారు. పాపను, అత్తగారిని బయటకు పంపి, మా ఆవిడ ముందే అడిగారు. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా అని. తిన్నారా అని అడిగినంత మామూలుగా అడిగారు.

"చావాలని లేదండీ" అన్నాను. "పొద్దున మెలకువ రాకపోతే బాగుండునని మాత్రం అనిపిస్తది."

ఆ మాట నా నోటి నుంచి వచ్చేదాకా అది నాకూ తెలియదు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలాంటివి అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు కాదా అని డాక్టరుగారిని నిలదీసింది. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, దాచుకున్న మనిషికి చెప్పుకునే వీలు దొరుకుతుందని ఆవిడ చెప్పారు. ఆ ఆలోచన ఏమాత్రం ముదిరినా వేళ చూడకుండా ఫోన్ చేయమన్నారు. పాపను కూడా అడిగానని, పాపకు అలాంటి ఆలోచనలు లేవని చెప్పినప్పుడు మాత్రం నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చాలా నెలల తర్వాత నాకు వచ్చిన మొదటి ఏడుపు.

వాళ్ళిద్దరూ మళ్ళీ లోపలికి వచ్చాక అందరం కలిసి ఎవరి వల్ల ఇలా అయిందో తేల్చడానికి కూర్చున్నాం. మా ఆవిడ స్కూలు వల్లనంది. మార్కులను బట్టి సెక్షన్లు మార్చి, పాపను ప్రాణస్నేహితురాలి నుంచి విడదీశారు. అత్తగారు ఫోన్ల వల్లనన్నారు. నేను మా వంశం వల్లనన్నాను. మా నాన్న కూడా కొన్నేళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా వరండాలో కూర్చున్న మనిషి.

"అన్నీ కొంచెం కొంచెం ఉండొచ్చు" అన్నారు డాక్టరుగారు. "ఎవరి తప్పో తేల్చి అప్పుడు వైద్యం మొదలుపెడదామా, ఈలోపే మొదలుపెడదామా?"

ఈలోపే మొదలుపెట్టాం. పాపకు మందులు ఇప్పుడే వద్దన్నారు. వారానికోసారి అక్కడే ఉన్న కౌన్సిలరు దగ్గర కూర్చుని బొమ్మలు వేస్తూ మాట్లాడాలి. మేం స్కూలుకు వెళ్ళి టీచరుతో మాట్లాడాలి. నాకు మాత్రం మాత్రలు రాశారు. వేసుకోగానే పనిచేయవని, కొన్ని వారాలు పడుతుందని, బాగుందనిపించినా సొంతంగా ఆపకూడదని మరీమరీ చెప్పారు.

"నాకేం లేవా?" అన్నారు మా అత్తగారు, చిన్నబుచ్చుకుని.

"మీకు కింద పంటి డాక్టరున్నారండీ."

వచ్చేటప్పుడు పార్కింగులో ప్రెసిడెంటుగారు మళ్ళీ ఎదురయ్యారు. కాసేపు అటూ ఇటూ చూశారు.

"కంటికి కాదండీ" అన్నారు.

"పంటికి కాదండీ" అన్నాను.

"రిటైరయ్యాక నిద్ర పోయిందండీ. మోటారు తప్ప ఇంకేం తోచట్లేదు." కారు తలుపు తీస్తూ, "ఇక్కడ కొంచెం నయంగానే ఉంది" అని కారెక్కారు. ఆ మనిషిని నేను అన్నేళ్ళూ నీళ్ళ మోటారుకు అనుబంధంగానే చూశాను.

డాక్టరుగారు పాపకూ నాకూ ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటి ఇచ్చారు. ఒకప్పుడు ఇష్టంగా చేసినదాన్ని, ఇష్టం లేకపోయినా, రోజూ కాస్తంత చేయాలి. ఇష్టం ముందు రాదు, పని చేశాక వెనకాల వస్తుందన్నారు. పాప గజ్జెలు కట్టుకోవాలి. నేను "లేదు" అనే ముందు ఒకసారి లేచి షెల్ఫు దాకా వెళ్ళాలి. ఇద్దరి పనీ రాత్రి భోజనాల దగ్గర అత్తగారికి చెప్పాలి. ఈ చివరి షరతు డాక్టరుగారు పెట్టలేదు, అత్తగారే పెట్టారు.

మా మొదటి విజయాలు చెప్పుకోదగ్గవి కావు.

"ఒక కాలికి కట్టుకున్నా" అంది పాప.

"సగం" అన్నారు అత్తగారు. "మీరో?"

"షెల్ఫు దాకా వెళ్ళానండీ."

"తీసిచ్చారా?"

"లేదండీ. దుమ్ముగా ఉంది. తిరిగొచ్చేశా."

"ఇదీ సగమే. ఇద్దరూ కలిపితే ఒకటి. పెరుగేసుకోండి."

పాప నన్ను ఓడించాలన్న పట్టుదలతోనే రెండో కాలికి కట్టుకుంది. దాంతో నేను రోషం తెచ్చుకుని ఒక బేరింగు తీసి అమ్మాను. కొన్న మనిషి, "ఏం సార్, ఇవాళ అమ్ముతున్నారా!" అని ఆశ్చర్యపోయి, ఏమైనా లోపం ఉందేమోనని దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు.

ఈలోగా ప్రెసిడెంటుగారు నన్ను నది ఒడ్డున జరిగే నవ్వుల క్లబ్బుకు తీసుకెళ్ళారు. తెల్లవారుతూనే పదిహేను ఇరవై మంది పెద్దమనుషులు గుండ్రంగా నిలబడి చేతులు పైకెత్తి హాహా, హోహో అంటారు. నాకు రాలేదు. కొత్తవాడు నవ్వడం లేదని గమనించి నన్ను మధ్యలో నిలబెట్టి చుట్టూ చేరి నవ్వడం మొదలుపెట్టారు. నేను భయపడి ఇద్దరి మధ్య నుంచి దూరి పారిపోయాను. ప్రెసిడెంటుగారు "ఆగండి, ఆగండి" అంటూ నా వెనక పరుగెత్తారు. ఆ సంగతి చెప్తే డాక్టరుగారు పడీపడీ నవ్వి, క్లబ్బు మానేయండి, ఆ పరుగు మాత్రం మానకండి అన్నారు. అలా మా ఇద్దరికీ పొద్దున్నే ఒడ్డున నడవడం అలవాటైంది. ఆయన మోటారు గురించి చెప్తారు, నేను వింటాను.

మాత్రలు మొదట్లో నోరు ఎండబెట్టాయి, మత్తు తెప్పించాయి. అంతకు మించి ఏమీ జరగలేదు. ఇవేం మాత్రలని రోజూ సణిగాను. తర్వాత మా ఆవిడ సెలవు పెట్టి ఇంట్లో ఉన్న ఒక మధ్యాహ్నం షాపులో కూర్చుని క్యారియర్ తీశాను. పప్పుచారులో ఇంగువ ఎక్కువైంది. ఫోన్ చేసి అత్తగారితో చెప్పాను. అటువైపు ఆవిడ కేక వేశారు: "ఏమేవ్, మీ ఆయనకి ఇంగువ తెలిసిందంట!" ఆ ఫోనులోనే మా ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

బాగుంది కదా అని మాత్రలు ఆపేశాను. కొన్నాళ్ళకు మళ్ళీ అన్నీ లేవనడం మొదలైంది. ఈసారి పసిగట్టడానికి ఎవరికీ ఎక్కువ సమయం పట్టలేదు. డాక్టరుగారు చెప్పాల్సినవి చెప్పి మళ్ళీ మొదలుపెట్టించారు. అప్పటి నుంచి అత్తగారు నా మాత్రను తన చేతిలోకి తీసుకున్నారు. తన బీపీ మాత్రను ఏళ్ళ తరబడి ఎగ్గొడుతున్న మనిషి ఆవిడ. "నేనొకటి వేసుకుంటా, మీరొకటి వేసుకోండి" అని ఎదురుగా నిలబడేవారు. నాకు దిగులు తగ్గేసరికి ఆవిడకు బీపీ కూడా అదుపులోకి వచ్చింది.

పాప మెల్లగా కోలుకుంది. స్కూల్లో సెక్షను మారలేదు కానీ, భోజనం మాత్రం స్నేహితురాలితో కలిసి తిననిచ్చారు. కౌన్సిలరు దగ్గర వేసిన బొమ్మల్లో మొదట ఇంట్లో మనుషులెవరికీ నోళ్ళు ఉండేవి కావు. తర్వాత ఒక్కొక్కరికీ వచ్చాయి. అమ్మమ్మకు మాత్రం మొహమంత నోరు వచ్చింది. ఒకరోజు క్లినిక్ నుంచి వస్తుంటే కారులో అడిగింది:

"నాన్నా, మనిద్దరికీ డాక్టరు ఒకరే కదా. అంటే మనం క్లాస్‌మేట్లమా?"

"అవును."

"ఫస్ట్ నేనే కదా?"

"నువ్వే."

మందులు ఆపే రోజు నాకు ఏడాది దాటాక వచ్చింది. అదీ ఒక్కసారిగా కాదు, డాక్టరుగారే తగ్గిస్తూ వచ్చారు. పాప ఇప్పుడు ఏడో తరగతి. మొన్న తలుపు దడాలున వేసింది. మేం ముగ్గురం కంగారుగా డాక్టరుగారికి ఫోన్ చేశాం. తింటోందా, పడుకుంటోందా, స్నేహితులతో తిరుగుతోందా అని అడిగారు. అన్నీ శుభ్రంగా చేస్తోందన్నాం. "అయితే అది వయసండీ, తలుపు జాగ్రత్త" అన్నారు.

ఆ మధ్య కూచిపూడి దగ్గర పల్లెటూళ్ళో మా అత్తగారి అక్కగారింట్లో మనవడికి అన్నప్రాశన అయితే వెళ్ళాం. హాలు నిండా చుట్టాలు. పిల్లాడి తల్లి మాత్రం లోపలి గదిలోంచి రాలేదు. కాన్పయినప్పటి నుంచి కోడలికి బద్ధకం ఎక్కువైందని, పిల్లాడిని కూడా సరిగ్గా ఎత్తుకోవడం లేదని అక్కగారు అందరికీ చెప్తున్నారు. మా అత్తగారు చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. వచ్చి హాలు మధ్యలో నిలబడి, చిన్న గొంతు అన్నది తెలియని మనిషి కదా, అందరికీ వినపడేట్టు అన్నారు:

"అక్కా, నీ కోడలిది బద్ధకం కాదే. డిప్రెషన్. కాన్పయ్యాక కొందరికి వస్తదంట. మందులున్నాయి. మా అల్లుడుగారికీ వచ్చింది, తగ్గింది. కావాలంటే ఆయన్నే అడుగు."

ఊరు ఊరంతా నావైపు తిరిగింది. నా చేతిలో పులిహోర విస్తరి ఉంది. ఏం చేయాలో తెలియక, రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి, తలతోనే నమస్కారం పెట్టాను.

"తగ్గిందండీ" అన్నాను.

"చూశావా, ఎంత బాగా తింటన్నారో" అన్నారు మా అత్తగారు.

తర్వాత చెయ్యి కడుక్కుంటుంటే పంచె కట్టుకున్న ఒక పెద్దాయన పక్కకు వచ్చి, నీళ్ళ చప్పుడు చాటున, "ఏవండీ, ఆ డాక్టరుగారు నిద్ర పట్టకపోయినా చూస్తారా?" అని అడిగారు. ఆయన కొళాయి కట్టేసేలోపు ఇంకొకావిడ తన కొడుకు గురించి అడిగింది.

అక్కగారు మొదట ఒప్పుకోలేదు. కోడలు తన నోటితో తనే వెళ్తానన్నాక ఒప్పుకున్నారు. సాయంత్రం ఆ అమ్మాయిని, భర్తను, పిల్లాడిని మా కారులో ఎక్కించుకుని బయల్దేరాం. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. వీధిలో ఎవరడిగినా మా అత్తగారు కిటికీలోంచి, డాక్టరు దగ్గరికి, మనసు బాగోలేదు అని వివరంగా చెప్పారు. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టరు ఒకటి మా ముందు అడ్డం పడింది. పిల్లాడు ఒకటే ఏడుపు. మా అమ్మాయి వాడికి కోతి మొహాలు పెట్టి చూపిస్తుంటే, వాడు ఇంకా భయపడి ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఆ తల్లి కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. డాక్టరుగారు ఆ వారమే ఆమెను చూశారు. పిల్లాడికి పాలిచ్చే తల్లి కాబట్టి దానికి తగ్గ మందే రాశారు. ఆమెకు నెమ్మదించడానికి వేసవి దాకా పట్టింది. అప్పటిదాకా పిల్లాడిని వాళ్ళ నాన్నే స్నానం చేయించి, జోల పాడి పడుకోబెట్టాడు. అతనికి పాట రాదు. బస్టాండులో మైకు చెప్పినట్టు ఊళ్ళ పేర్లు వరసగా, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, బెజవాడ అంటూ పాడేవాడు. పిల్లాడు కంకిపాడు దాటకుండానే నిద్రపోయేవాడు.